బెంగళూరు డాబా మీద స్టార్ ట్రాకర్: కొన్నేళ్లు వాడాక

స్కై-వాచర్ స్టార్ అడ్వెంచరర్ 2ఐ కొని కొన్నేళ్లయింది. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ డాబా మీదే ఎక్కువగా వాడాను. కెమెరా పాత డీఎస్ఎల్ఆర్, లెన్స్ 135 ఎంఎం. ఇవేవీ ఇప్పటిదాకా మార్చలేదు. మొదటి చలికాలంలో తీసిన ఓరియన్ నెబ్యులా (ఆకాశంలో మెరిసే వాయుమేఘం) ఫొటోనీ మొన్న జనవరిలో తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే కెమెరాతో తీసినవంటే మా ఇంట్లోవాళ్లే నమ్మలేదు. ఈ ట్రాకర్ మీద నాకున్న ఇష్టమంతా అక్కడే ఉంది. నేర్చుకున్న ప్రతి చిన్న విషయమూ మరుసటి ఫొటోలో కనిపిస్తుంది.

ఇది చేసే పని ఒక్కటే. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు) చొప్పున జరుగుతుంటే, కెమెరాను అదే వేగంతో వెంట తిప్పుతుంది. ఇది లేకుండా 135 ఎంఎం లెన్స్‌తో రెండు సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి. 5 కిలోల దాకా మోస్తుంది, నాలుగు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది.

అయితే దాని అక్షాన్ని ముందుగా ధ్రువ నక్షత్రం వైపు సరిచూసి పెట్టాలి. మన ఊళ్లో అసలు కష్టం ఇదే. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువ నక్షత్రం కూడా దిగంతానికి దాదాపు 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంటే చేయి చాచి పిడికిలి పట్టుకుంటే, దానికి కాస్త పైన. అక్కడ నాకు పక్క బిల్డింగ్ వాటర్ ట్యాంక్ ఉంది. అందుకని ఫోన్ దిక్సూచితో ఉత్తరం పట్టుకుంటాను. ఇక్కడ దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ. ఆ తర్వాత ఓరియన్ నడుము పట్టీలో పడమటి చుక్క మింటాకా నడినెత్తికి దగ్గర పడ్డప్పుడు, స్క్రీన్ మీద జూమ్ చేసి కాసేపు గమనిస్తాను. అది ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీతకు, ఆనుకునే ఉంటుంది కాబట్టి ఉత్తరానికో దక్షిణానికో జారితే అక్షం పక్కకు తిరిగి ఉందని అర్థం. స్క్రూ కొద్దిగా తిప్పి మళ్లీ చూస్తాను. మొదట్లో దీనికే సగం రాత్రి పట్టేది. ఇప్పుడు ఫ్లాస్కులో టీ చల్లారేలోపు అయిపోతుంది, ఆ చుక్క స్క్రీన్ మీద కదలకుండా నిలబడితే కలిగే సంతోషం మాత్రం ఇంకా అలాగే ఉంది.

ఆ కష్టానికి మన అక్షాంశం ప్రతిఫలం కూడా ఇస్తుంది. ఓరియన్ నెబ్యులా లండన్‌లో 33 డిగ్రీల ఎత్తు దాటదు, మనకు 70 డిగ్రీల పైకి వస్తుంది. దుమ్ము, మసక అంతగా అడ్డురావు. దక్షిణాన ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుచ్ఛం సరేసరి. మదనపల్లె దగ్గర హార్సిలీ కొండకు ఏప్రిల్‌లో ట్రాకర్ తీసుకెళ్తే, ఆ గుచ్ఛం అంచుల్లో చుక్కలు విడివిడిగా వచ్చాయి.

సిటీ వెలుతురులో ఎక్స్‌పోజర్ ఎంత పెంచినా లాభం లేదు, ఫ్రేమంతా తెల్లబడిపోతుంది. వీధుల్లో ఎల్ఈడీలు వచ్చాక ఫిల్టర్లూ పెద్దగా ఆదుకోవడం లేదు. 30 సెకన్ల ఫ్రేములు వందల్లో తీసి, ఉచితంగా దొరికే సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ చేస్తాను, అంటే అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే ఫొటోగా కలుపుతాను. నాలుగింతల ఫ్రేములు తీస్తే నాయిస్‌తో (ఫొటోలో గరుకుగా కనిపించే చుక్కలు) పోల్చినప్పుడు సిగ్నల్ (అసలు వెలుగు) రెట్టింపవుతుంది. లెన్స్‌కు తెల్ల బనియన్ కట్టి, ట్యాబ్ తెర వెలుగులో ఫ్లాట్ ఫ్రేములు (లెన్స్ మూలల్లో వెలుగు ఎంత తగ్గుతుందో చూపే ఖాళీ ఫొటోలు) తీయడం మొదలుపెట్టాక మూలల నలుపు పోయింది. నెబ్యులా నడిబొడ్డు విపరీతమైన వెలుగు కాబట్టి దానికోసం విడిగా రెండేసి సెకన్ల ఫ్రేములు తీసి కలుపుతాను. మొదటి ఫొటోలో అక్కడ తెల్లటి మచ్చే ఉండేది. ఇప్పుడు దగ్గరగా చూస్తే నెబ్యులా నడుమ గుంపుగా ఉండే ట్రపీజియం చుక్కలున్న చోటు తేలుతోంది, చుట్టూ పొగ మడతలు కనిపిస్తున్నాయి. పైన ఉన్న రన్నింగ్ మ్యాన్ అనే మరో నెబ్యులా నీలిరంగు పొర కూడా పోయిన చలికాలంలో మొదటిసారి బయటపడింది. అది తెర మీద తేలిన రాత్రి, నిద్రపోతున్న మా ఆవిడను లేపి మరీ చూపించాను!

ఇక మా అమ్మమ్మ పిల్లలకోడి అని పిలిచే కృత్తికల చుట్టూ ఉన్న నీలిపొగ డాబా మీద నుంచి ఇంకా సరిగా రాలేదు. ఈ డిసెంబరులో దాని మీదే కూర్చుంటాను.

డీఎస్ఎల్ఆర్, గట్టి ట్రైపాడ్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఈ ట్రాకర్ నిశ్చింతగా కొనొచ్చు. ఆకాశంలో వస్తువును మనమే వెతికి పట్టుకోవాలి, అదే వెతికిపెట్టాలంటే రెండు అక్షాల జీటీఐ మోడల్ చూసుకోండి. 200 ఎంఎం దాటిన లెన్సులతో మొదలుపెట్టొద్దు. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులే కాబట్టి నవంబరులో కొంటే చేతికి రాగానే పని ఉంటుంది. దాంతోపాటు లెన్స్‌కు చుట్టే, పవర్ బ్యాంక్‌తో వేడెక్కే డ్యూ హీటర్ పట్టీ కూడా తీసుకోండి, అర్ధరాత్రి దాటాక బెంగళూరు మంచుకు లెన్స్ మసకబారుతుంది.