గోదావరిఖని మెస్సులో గని కార్మికుల భోజనం

గోదావరిఖనిలో గనికి వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న మెస్సులో ఇటీవల రెండు పూటలా భోజనం చేశాను. వేడి అన్నం, ముద్దపప్పు, గడ్డపెరుగు ఇంటి రుచితో ఉన్నాయి. కాల్చిన మిరపకాయల ఘాటు నిండిన పచ్చిపులుసు మరీ బాగుంది. మొదటి షిఫ్టు కోసం తెల్లవారకముందే పొయ్యి వెలిగించే ఈ మెస్సుకు సింగరేణి బొగ్గు గనుల సంస్థ జీతాలే ఆధారం. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న సంస్థ ఉద్యోగుల సంఖ్య, యంత్రాలూ, పైనుంచే నేలను తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ గనులూ పెరగడంతో నేడు 40 వేల దరిదాపులకు తగ్గిపోయింది. బొగ్గు ఉత్పత్తి మాత్రం 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. బొగ్గు అంతగా తరలిపోతున్నా రాత్రిపూట ఇక్కడ సగం బల్లలు ఖాళీగా ఉండటం చూసి మనసు కలుక్కుమంది. వడ్డనలో కొంత ఆలస్యమున్నా, ఈ ఊరికి వెళ్ళేవారు ఇక్కడ తప్పక భోజనం చేయాలని కోరుతున్నాను.