పాత .32 రివాల్వరా, .44 మాగ్నమా?

అమెరికాలో సరదాగా షూటింగ్ రేంజికి వెళ్లేవాళ్లలో కొందరికి .44 మాగ్నమ్ అనే బలమైన తూటాతో పేలే పెద్ద రివాల్వర్ అంటే మోజు, కొందరికి 1878 నాటి .32 స్మిత్ అండ్ వెస్సన్ తూటాతో పేలే బుల్లి రివాల్వర్ ముద్దు.

మాగ్నమ్ పేలితే మణికట్టు అదురుతుంది, పక్కవాళ్లు తిరిగి చూస్తారు. మొదటి ఆరు గుళ్లు భలే మజా. ఇరవై దాటాక మాత్రం ఆ దెబ్బకు భయపడి ట్రిగ్గర్ నొక్కకముందే చెయ్యి బిగుసుకుంటుంది, గురి తప్పుతుంది.

పాతదాని శక్తి సుమారు అందులో పదో వంతే. "టప్" అంటుంది, అంతే. అసలు ముచ్చట తర్వాత ఉంది: పైన గొళ్లెం ఎత్తి గొట్టాన్ని కిందికి వంచితే ఖాళీ తొడుగులన్నీ ఒక్కసారే బయటికి ఎగురుతాయి. దానికోసమే మళ్లీ నింపబుద్ధవుతుంది! గురి చూసే మొన మరీ చిన్నది, కాబట్టి ఏడెనిమిది గజాలు దాటితే దేవుడి దయ. తూటాలు వెతుక్కోవాలి కూడా.

1898లో గానీ అంతకుముందు గానీ తయారైతే అక్కడి ఫెడరల్ చట్టానికి అది పురాతన వస్తువు. రాష్ట్రాల నియమాలు వేరు. చాలావాటి ఉక్కు పాతకాలపు నల్ల తుపాకిమందు వాడిన రోజులనాటిది. అందుకే తుపాకుల మెకానిక్ చూసి సరే అన్నాకే పేల్చాలి. నా ఓటు బుల్లిదానికే.