బేసియన్ కోర్సుకి డబ్బు కట్టబోతున్న పీజీలూ, ఒక్క నిమిషం

నేను కమ్యూనిటీ మెడిసిన్ పీజీని. గర్భిణుల్లో రక్తహీనత మీద నా థీసిస్. విశ్లేషణ బేసియన్ పద్ధతిలో, అంటే ముందున్న అంచనాని డేటాతో సవరించుకుంటూ పోయే పద్ధతిలో, చేయమని మా గైడ్ మేడమ్ చెప్పారు. ఆరోగ్య పరిశోధకులకు ప్రాక్టికల్‌గా నేర్పుతామన్న ప్రకటన చూసి ఒక ఆన్‌లైన్ కోర్సుకి 14,500 రూపాయలు కట్టాను. స్టైపెండ్‌లో దాచుకున్న డబ్బు.

ఎనిమిది క్లాసుల్లో ఐదు బేస్ సూత్రంతోనే గడిచిపోయాయి. అది ఎంబీబీఎస్‌లో స్క్రీనింగ్ పరీక్షల దగ్గరే చదివాం. మిగతా మూడింట్లో సార్ తన కోడ్ నడిపారు, మేం చూశాం.

దానికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ప్రతి మోడల్‌కీ ఒకటే ప్రయర్ (డేటా చూడకముందు పెట్టుకునే అంచనా) పెట్టించారు: సగటు సున్నా, ప్రామాణిక విచలనం (అంటే అంచనా వెడల్పు) 100. ఇంత వెడల్పుగా పెడితే మన అభిప్రాయం ఏమీ కలవదన్నారు. జబ్బు ఉందా లేదా లాంటి ఫలితాలకి వాడే లాజిస్టిక్ మోడల్లో ఇది పచ్చి తప్పు. ఆ ప్రయర్ నుంచి వంద విలువలు తీసి శాతాల్లోకి మార్చండి. దాదాపు 96 విలువలు 1 శాతం కన్నా తక్కువో, 99 శాతం కన్నా ఎక్కువో వస్తాయి. అంటే రక్తహీనత ఎవరికీ లేదు, లేకపోతే అందరికీ ఉంది అని ముందే అనుకున్నట్టు!

నా డేటాలో 11 మంది ఉన్న ఒక చిన్న గుంపు ఉంది. ఆ 11 మందికీ రక్తహీనతే. అలాంటి చోట ఆడ్స్ రేషియో (ఒక గుంపులో జబ్బు అవకాశం ఇంకో గుంపుతో పోలిస్తే ఎన్ని రెట్లో చెప్పే లెక్క) పైకి పోకుండా ఆపగలిగేది ప్రయర్ ఒక్కటే. వంద వెడల్పుది ఏం ఆపుతుంది? రేషియో కోట్లు దాటింది. గ్రాఫులో నాలుగు చైన్లు (ఒకే లెక్కని కంప్యూటర్ విడివిడిగా నడిపే వరసలు) ఒకదాన్నొకటి అల్లుకోకుండా దేని దారిన అది పోయింది. చైన్లు ఒకదానితో ఒకటి కలిశాయో లేదో చెప్పే ఆర్-హ్యాట్ 1.38 చూపించింది. 1.01 దాటితే నమ్మకూడదు. సార్‌ని అడిగితే, "వార్నింగ్ పట్టించుకోకండి, ఐటరేషన్లు (లెక్క తిప్పే సార్లు) పెంచండి" అన్నారు. థీసిస్ ఇచ్చే ముందు నాకు పట్టుకున్న టెన్షన్ మాటల్లో చెప్పలేను. మేడమ్ చూసి ప్రయర్ వెడల్పుని 1.5కి తగ్గించమన్నారు. చైన్లు కలిశాయి.

ప్రకటనలో ఫైజర్ కోవిడ్ టీకా ట్రయల్‌ని గొప్పగా చూపించారు. టీకా గుంపులో 8 కేసులు, ప్లసీబో గుంపులో 162, సామర్థ్యం 95 శాతం. కానీ ఆ ట్రయల్ వాళ్లు సామర్థ్యం 30 శాతం చుట్టూ ఉండేలా ప్రయర్ ఎంచుకుని, దాన్ని ముందే ప్రోటోకాల్‌లో రాసిపెట్టారన్న సంగతి ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. మనం నేర్చుకోవలసింది అదే కదా!

రీఫండ్ అడిగితే, రికార్డింగులు తెరిచారు కాబట్టి కుదరదన్నారు. ఆ షరతు డబ్బు కట్టే పేజీలో ఎక్కడా లేదు.

ఏ కోర్సుకైనా కట్టే ముందు ఒక డెమో క్లాసు అడగండి. అందులో ప్రయర్ ఎందుకు అదే పెట్టారో, మారిస్తే ఫలితం ఎంత మారుతుందో చేసి చూపించమనండి. తప్పించుకుంటే కట్టకండి. సాఫ్ట్‌వేర్ ఖర్చులని ఎవరైనా అంటే అసలు నమ్మకండి, ఈ విశ్లేషణకి వాడే ఆర్, స్టాన్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ఇప్పటికే ఇలాంటి చోట నేర్చుకుని థీసిస్ రాస్తున్నవాళ్లు మాత్రం, దయచేసి ఈ రాత్రే మీ కోడ్ తెరిచి ప్రయర్ దగ్గర 100 ఉందేమో చూసుకోండి.