గిటార్‌లో మిడ్ బూస్ట్: కిట్‌కు మూడు స్టార్లు, పెట్టినాయనకు ఐదు

మా ఆర్కెస్ట్రాలో నాది గిటార్. కాజీపేట నుంచి నర్సంపేట, పరకాల దాకా ఏ ఫంక్షన్ హాల్లో వాయించినా ఒకటే బాధ. కీబోర్డు, ప్యాడ్స్ అందుకున్నాయంటే నా స్క్వయర్ స్ట్రాట్ (ఎలక్ట్రిక్ గిటార్) ఉందో లేదో తెలియదు. వాల్యూమ్ పెంచితే చెవుల్లో గుచ్చుతుంది తప్ప సౌండులో లావు రాదు. కాలితో నొక్కే పెడల్ పెడదామంటే స్టేజీ మీద చుట్టాలు, చిన్నపిల్లలు, ఫొటోగ్రాఫర్లు. కింద ఇంకో డబ్బా ఉంటే ఎవరో ఒకరు తొక్కుతారు. అందుకే గిటార్ లోపలే ఇరికించి, సౌండులో మధ్య భాగాన్ని (మిడ్) లేపే బూస్ట్ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. 1,450 రూపాయలు.

ఇది ఫెండర్ గిటార్ కంపెనీ వాళ్లు 1988లో గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ పేరు మీద తెచ్చిన మోడల్‌లో పెట్టిన సర్క్యూట్‌కు నకలు. అసలుదాంట్లో 500 హెర్ట్జ్ చుట్టుపక్కల 25 డెసిబెల్స్ దాకా లేపొచ్చు, అంటే సిగ్నల్ దాదాపు 18 రెట్లు. కిట్‌లో అగ్గిపెట్టెంత బోర్డు, ఒక పాట్ (నాబ్‌తో తిప్పేది), స్టీరియో జాక్ (కేబుల్ దూర్చేది), 9 వోల్టుల బ్యాటరీ క్లిప్పు ఉన్నాయి. వైరింగ్ కాగితం మాత్రం లేదు. వైర్లు కూడా పొట్టివే.

తెలివి ఎక్కువై మొదట నేనే పెట్టుకున్నాను. రెండో టోన్ నాబ్ తీసేసి దాని జాగాలో బూస్ట్ పాట్ బిగించాను. కొత్త జాక్‌కు మూడు కాళ్లెందుకో అర్థంకాక పాత జాక్‌నే ఉంచేశాను. పది రోజులకు, సరిగ్గా బారాత్ ముందు, బ్యాటరీ ఖతం. దాంతోపాటు గిటార్ కూడా మూగబోయింది.

అప్పుడు హనుమకొండలో యాంప్లిఫయర్లు రిపేర్ చేసే అన్న దగ్గరికి తీసుకెళ్లాను. డీజే బాక్సులు తప్ప గిటార్ ఎన్నడూ విప్పలేదట. మీటర్ పెట్టి రెండు నిమిషాలు చూసి నవ్వాడు. "లైటు బంద్ చెయ్యకుంట పండుకున్నవ్ తమ్మీ. గా మూడో కాలే నీ స్విచ్చు." బ్యాటరీ మైనస్ వైరు ఆ కాలికి కలపాలి. మామూలు గిటార్ పిన్ను దూర్చినప్పుడే అది గ్రౌండ్‌కు తగిలి కరెంటు మొదలవుతుంది, కేబుల్ పీకితే బంద్. వాయించడం అయ్యాక కేబుల్ అలాగే వదిలేస్తే మాత్రం మళ్లీ నా కథే.

ఇంకో తలనొప్పి హమ్మింగ్, అంటే గుయ్‌మనే మోత. నా గిటార్‌లో తంతుల మోతను పట్టే పికప్‌లు సింగిల్ కాయిల్‌వి, వాటికి హమ్ ఎలాగూ ఉంటుంది, బూస్ట్ దాన్ని కూడా లేపుతుంది. దాన్ని తగ్గించడానికి అన్న ఏసీ డక్టులకు వేసే అల్యూమినియం టేపు గిటార్ గుంత నిండా అంటించాడు. దాని మీద సోల్డర్ నిలవదు కాబట్టి ఒక చిన్న స్క్రూ కొట్టి, దాని కింద గ్రౌండ్ వైరు నొక్కిపెట్టాడు. టేపు ముక్కలు ఒకదానికొకటి అందుతున్నాయా లేదా అని ప్రతి అతుకు దగ్గరా మీటర్ ఆనించి కూతపెట్టించాడు. చివరికి స్క్రూడ్రైవర్‌తో మూడు పికప్‌ల మీదా టక్కుటక్కుమని కొట్టి, స్పీకర్లో విని, అప్పుడు మూత వేశాడు. రెండు సాయంత్రాల పనికి తీసుకున్నది 400.

సౌండ్ సంగతికొస్తే, నాబ్ మూడు నాలుగు మీద ఉంటే కీబోర్డును తోసుకుని ముందుకొస్తుంది, సోలో నిండుగా ఉంటుంది. సగం దాటితే గిటారు నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడినట్టే. పదిలో పెట్టి వాయించేవాళ్ల ఓపికకు దండం. సీరియల్ లైట్లున్న మండపంలో హమ్ ఇంకా కాస్త వినిపిస్తుంది. బ్యాటరీ మార్చాలంటే తంతులు వదులు చేసి పిక్‌గార్డ్‌కు (గిటార్ ముందుండే ప్లాస్టిక్ మూతకు) ఉన్న 11 స్క్రూలూ విప్పాల్సిందే, అందుకే సీజన్ మొదట్లోనే కొత్తది వేసేస్తున్నాను.

అన్న షాపుకు బోర్డు ఉండదు. మధ్యాహ్నం షట్టర్ సగం దించి ఉంటుంది, మూసేశాడనుకుని వెనక్కి రాకండి. తట్టండి, లోపలే ఉంటాడు.