డాబా గార్డెన్స్‌లో ఓ షీల్డుల షాపు, రెండు అంకుడు కర్ర విమానాలు

షాపు గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ అక్కడ మేం ఏం చేయించామో చెప్పకపోతే ఆ షాపు ఎందుకంత నచ్చిందో చెప్పలేను, కాబట్టి ఇది కాస్త పొడుగే అవుతుంది.

2025 జులై 8న కెనడాలోని మానిటోబాలో, విన్నిపెగ్ దగ్గర స్టైన్‌బాక్ అనే ఊరి పక్కన, రెండు ట్రైనింగ్ విమానాలు గాల్లో ఢీకొన్నాయి. రెండూ సెస్నాలే, నేర్చుకునేవాళ్లు ఎక్కువగా నడిపే చిన్న విమానాలు. టేకాఫ్‌లు, లాండింగ్‌లు ప్రాక్టీస్ చేస్తున్న ఇద్దరు స్టూడెంట్లు చనిపోయారు. ఒకరు కేరళ అబ్బాయి, ఇంకొకరు కెనడా అమ్మాయి, ఇద్దరివీ ఇరవై చుట్టుపక్కల వయసులే. ఎవరి విమానంలో వాళ్లు ఒక్కరే ఉన్నారు. దిగే సమయంలో, రన్‌వేకి కొద్ది దూరంలోనే జరిగింది.

వైజాగ్‌లో మాదొక చిన్న గుంపు ఉంది. సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్, చేసి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లం కొందరం, పిల్లల్ని బయటి దేశాలకు ట్రైనింగ్‌కి పంపిన తల్లిదండ్రులు కొందరు, నేవీలో విమానాల మీద పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు ముగ్గురు నలుగురు. ఆ ఇద్దరూ మాలో ఎవరికీ తెలియదు. కానీ వార్త వచ్చాక ఎవరికీ అన్నం దిగలేదు. గాజువాక నుంచి ఒక అమ్మ నాకు ఫోన్ చేశారు, వాళ్లబ్బాయి కెనడాలోనే వేరే ఊళ్లో నేర్చుకుంటున్నాడు. "వాడు ఫోన్ ఎత్తట్లేదు బాబూ, నువ్వొకసారి కనుక్కో" అన్నారు. అక్కడ అర్ధరాత్రి, అబ్బాయి నిద్రలో ఉన్నాడు, అంతే. వాడు లేచి మాట్లాడేదాకా ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉన్నారట.

ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులో కలుద్దామనీ, మేం కలిసి చదువుకునే గదిలో పెట్టడానికి ఒక షీల్డు చేయిద్దామనీ అనుకున్నాం. ఆ పని నా మీద పడింది. ముందు వేరే ఒక షాపుకి వెళ్లాను, పేరు అనవసరం. కంప్యూటర్ దగ్గర కుర్రాడు నెట్‌లోంచి ఒక పెద్ద ప్యాసింజర్ జెట్ బొమ్మ తీసి, కింద రెండు గులాబీలు పెట్టి, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది సార్ అన్నాడు. ఇది కాదు బాబూ, చిన్న విమానం, రెక్కలు పైన ఉంటాయి అంటే, విమానమే కదా సార్, ఎవరు చూస్తారు అన్నాడు. వాడి తప్పేం లేదు, రోజుకి యాభై చేస్తాడు. నాకు మాత్రం అక్కడ ఉండబుద్ధి కాలేదు.

మా గుంపులో ఒకాయన చెబితే శుక్రవారం సాయంత్రం ఈ షాపుకి వచ్చాను. డాబా గార్డెన్స్‌లో సరస్వతి పార్క్ నుంచి లోపలికి వెళ్లే సందుల్లో ఒకటి, మెట్లెక్కి పైకి వెళ్లాలి. పేరు రాస్తానంటే ఓనరు గారు వద్దన్నారు, దసరా వరకు చేతినిండా పనుంది, కొత్తవాళ్లు వస్తే మాటివ్వలేను అని. అందుకని దారి మాత్రం చెబుతున్నాను. లోపల టేకు పొట్టు వాసన, లేజర్ మిషన్ మీద కాలిన అక్రిలిక్ వాసన కలిసి ఉంటాయి. గోడ నిండా స్కూళ్ల షీల్డులు, యూనియన్ల మెమెంటోలు. ఆయనకి అరవై ఉంటాయి, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని మాట్లాడతారు.

విషయం చెప్పాను. ఆయన పని పక్కన పెట్టి అడిగిన మొదటి మాట ఇది: "ఏటి బాబూ, అంత పెద్ద ఆకాశంలో రెండు ఎలాగ గుద్దుకుంటాయి? ఎదురుగా వచ్చేది కనపడదా?"

ఆ వారమంతా ఇదే ప్రశ్న ఇంకోలా వింటున్నాను. చూసుకోవాలి కదా, నిర్లక్ష్యం, పిల్లలకి అప్పుడే ఒంటరిగా విమానం ఎందుకిచ్చారు, ఇలాంటివి. ఒక్కో మాటకీ కడుపులో దేవినట్టు ఉండేది. ఈయన అడిగింది అలా లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. కౌంటర్ మీద పాత షీల్డుకి కోసిన చెక్క ముక్కలు రెండు ఉంటే తీసుకుని చూపించాను.

ఆకాశం పెద్దదే, కానీ దిగేవాళ్లందరూ వచ్చి చేరేది ఒక్క రన్‌వే ముందుకే. టేకాఫ్ అయ్యాక ఒక పక్కకి తిరిగి, రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వచ్చి, మళ్లీ రెండుసార్లు తిరిగి దిగుతాం. దీన్ని సర్క్యూట్ అంటారు, నేర్చుకునే రోజుల్లో గంటల తరబడి ఇదే. సమాంతరంగా వెనక్కి వచ్చేది డౌన్‌విండ్, అడ్డంగా తిరిగేది బేస్, రన్‌వేకి నేరుగా దిగేది ఫైనల్, ఎక్కడికి వస్తే అక్కడ రేడియోలో మనమే చెప్పుకోవాలి. దారి చెప్పే కంట్రోల్ టవర్ లేని చోట ఆ మాట, మన కళ్లు, ఈ రెండే దిక్కు. ఇప్పుడు చూడండి, సెస్నాకి రెక్క పైలట్ తల మీద ఉంటుంది. నేలంతా చక్కగా కనిపిస్తుంది, పైన మాత్రం కనపడదు. తిరిగేటప్పుడు ఏ వైపు తిరుగుతున్నామో ఆ వైపు రెక్కే కిందకి వాలి ఆ దిక్కుని మూసేస్తుంది. ఒక ముక్కని ఫైనల్‌లో పెట్టి, ఇంకోదాన్ని దాని పైన, కాస్త వెనక పెట్టాను. కిందున్నవాళ్లకి పైది తమ రెక్క చాటున ఉంది. పైనున్నవాళ్లకి కిందది తమ ఇంజను చాటున, కాళ్ల కింద ఉంది. ఇద్దరూ రన్‌వే వైపే చూస్తున్నారు, ఆ సమయంలో చూడాల్సిందీ అదే.

ఆయన నుదుటి మీద కళ్లజోడు దించుకుని, కౌంటర్ మీదకి వంగి, ఒక కన్ను మూసి, కింది ముక్క దగ్గర గడ్డం ఆనించి పైకి చూశారు. తర్వాత పై ముక్క వెనక నుంచి చూశారు. రెండు మూడుసార్లు అటూ ఇటూ మార్చి చూసి, మెల్లగా లేచి, "కనపడదు" అన్నారు. కాసేపాగి, "ఏ పిల్లకీ పిల్లోడికీ కనపడదు" అన్నారు.

స్టైన్‌బాక్‌లో సరిగ్గా ఇలాగే జరిగిందని నేను చెప్పలేదు, అది అక్కడి రవాణా భద్రతా బోర్డు చూసుకుంటుంది, వాళ్ల పని కూడా కారణం వెతకడమే, తప్పు ఎవరి మీదో వేయడం కాదు. కనపడకపోవడం ఎలా ఉంటుందో మాత్రమే చూపించాను. ఇంకోటి కూడా ఉంది. ఢీకొట్టే దారిలో ఉన్న విమానం మన ముందున్న కిటికీ అద్దంలో కదలదు. పక్కనుంచి దాటిపోయేది జరుగుతూ ఉంటుంది, కన్ను పట్టేస్తుంది. మన మీదకే వచ్చేది ఒకే చోట చిన్న మచ్చలా ఉండి, చివరి క్షణాల్లోనే పెద్దదవుతుంది. పెద్ద విమానాలకైతే దగ్గరకొస్తే హెచ్చరించే టీకాస్ ఉంటుంది. మన దేశంలో 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ దగ్గర 349 మంది పోయాక దాన్ని తప్పనిసరి చేశారు. నేర్చుకునే చిన్న సెస్నాల్లో అది ఉండదు.

నాకూ ఒకసారి అయింది. నేను ఎగిరింది నలభై గంటలు కూడా దాటని రోజులు, బేస్ నుంచి ఫైనల్‌కి తిరుగుతున్నాను. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనకుండా స్టిక్ లాక్కుని రెక్క ఎత్తేశారు. మా కిందనుంచి ఒక తెల్ల విమానం వెళ్లింది, దాని రెక్క మీద రంగు వెలిసిన చోటు నాకు ఇప్పటికీ గుర్తుంది. రేడియోలో వాళ్లూ చెప్పారు, మేమూ చెప్పాం, ఇద్దరూ ఒకేసారి రేడియో బటన్ నొక్కితే ఇద్దరి మాటా ఎవరికీ వినపడదు. ఆ రోజు నా పక్కన ఇంకొకరున్నారు కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను. ఈ మాట మా ఇంట్లో అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఇక పని సంగతి. ఆయన అక్రిలిక్ వద్దన్నారు, "మెరుస్తాది బాబూ, ఈ పనికి మెరుపు బాగోదు" అని. వెనక పలక టేకు, విమానాలు రెండూ అంకుడు కర్రతో, ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర. మెత్తన కాబట్టి సన్నగా చెక్కినా అంచు చిట్లదని చెప్పారు. విమానాల బొమ్మలు అడిగితే ఫోన్లో చూపించాను. రెండూ ఒకటేనా అని అడిగారు. కాదు, ఒకటి సెస్నా 152, ఇద్దరు కూర్చునేది, ఇంకోటి 172, నలుగురిది, కొంచెం పెద్దది. రెక్కల చివర నుంచి చివరికి ఒకటి పది మీటర్ల పైన, ఇంకోటి పదకొండు మీటర్లు. అయితే అలాగే చేద్దాం అని, మీటరుకి సెంటీమీటరు లెక్కన, ఒకటి పదికి కాస్త ఎక్కువ, ఒకటి పదకొండు సెంటీమీటర్లు చెక్కారు. పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. రెక్కని ఒంటికి కలిపే వాలు కడ్డీ ఉంటుంది కదా, దాన్ని కూడా అగ్గిపుల్లకంటే సన్నగా తీసి అతికించారు. మొదటి షాపులో ఎవరు చూస్తారు అన్న మాట గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాటిని ఎలా పెట్టాలన్నది కూడా ఆయనే అన్నారు. నేను ఎదురెదురుగా గీసిచ్చాను. ఆయన చూసి తల అడ్డంగా ఊపి, పక్కపక్కనే, రెండూ ఒకే వైపు పైకి వెళ్తున్నట్టు, మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీతో పెట్టారు. ఒకదానికొకటి బాగా కనపడేంత దూరంలో. పేర్లు వేయించలేదు, ఇంటివాళ్లని అడగకుండా వేయడం మర్యాద కాదనుకున్నాం. తేదీ, ఊరి పేరు, కింద "ఇద్దరు తోటి పైలట్ల జ్ఞాపకం", అంతే.

లోపాలు చెప్పాలంటే, తెలుగు అక్షరాలు మొదటిసారి తప్పొచ్చాయి, మిషన్‌లోని ఫాంటు "జ్ఞ" ఒత్తుని విడదీసేసింది. చూపిస్తే గొణగలేదు, ఆ పలక పక్కనపెట్టి కొత్తది తీశారు, ఈసారి అక్షరాలు తానే పెన్సిల్‌తో రాసి, దాన్నే స్కాన్ చేసి చెక్కారు. దాంతో శనివారం సాయంత్రం అన్నది రాత్రి తొమ్మిదిన్నర అయింది. మెట్లు బాగా నిటారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. మొత్తం 2,600 రూపాయలైంది, పాడైన పలక డబ్బు తీసుకోలేదు. ఇంతకంటే తక్కువకి షీల్డు దొరుకుతుంది, ఇంత పని మాత్రం నేను చూడలేదు.

ఆదివారం పొద్దున్న ఆరింటికి బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం, అదే నేవీ పాత విమానాన్ని పెట్టిన చోటు, దాని ఎదురుగా చేరాం. సముద్రం కాస్త గట్టిగా ఉంది, చినుకులు. షీల్డుని తువ్వాలులో చుట్టి తెచ్చాను. నేవీలో చేసిన ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ వాలు కడ్డీని తాకి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు, 2002 అక్టోబర్ 1న గోవాలో స్క్వాడ్రన్ రజతోత్సవానికి ఎగిరిన రెండు ఐఎల్-38 నేవీ విమానాలు ఢీకొని రెండింట్లోని 12 మందీ పోయారనీ, వాళ్లంతా ఎన్నో ఏళ్లు ఎగిరినవాళ్లేననీ. "అనుభవం లేక పోయారంటారు బాబూ జనం. అనుభవం ఉన్నోళ్లూ పోయారు." వెనకనున్న ఆ పెద్ద విమానం, 29 ఏళ్లు ఎగిరి ఒక్క ప్రమాదం లేకుండా దిగిపోయింది, దాని వైపు చూస్తూ అన్నారు ఈ మాట. గాజువాక అమ్మ కూడా వచ్చారు. రెండు మల్లెదండలు తెచ్చి, షీల్డు మీది చిన్న విమానం దగ్గర ఒకటి, పెద్దదాని దగ్గర ఒకటి పెట్టి, కొడుకుకి వీడియో కాల్ చేసి చూపించారు.

ఇప్పుడా షీల్డు మా గదిలో, మ్యాపుల పక్కన ఉంది. సర్క్యూట్ గురించి చెప్పేటప్పుడు దాని వైపు చూపించే చెబుతున్నాం.

వెళ్లాలనుకునేవాళ్లకి: ఆదివారం మధ్యాహ్నం నుంచి మూసేస్తారు, పొద్దున్న పదకొండు తర్వాత వెళ్తే ఆయనే ఉంటారు. సగం అడ్వాన్సు ఇవ్వాలి. తెలుగు అక్షరాలు చెక్కించేటట్టయితే చేత్తో రాసి పెట్టమని ముందే చెప్పండి. విమానమో పడవో చేయించాలంటే పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి, మూడు వైపుల బొమ్మలూ ప్రింటు తీసి పట్టుకెళ్లండి, ఫోన్లో చూపిస్తే ఆయన కళ్లకి కష్టం.