ఎడిన్‌బరోలోని లీత్‌లో ఫ్లాట్ కొన్నాం: మా సొలిసిటర్ సర్వీస్ ఎలా ఉందంటే

ఏడేళ్లుగా ఎడిన్‌బరోలో ఉంటున్నాం. జూన్‌లో రాత్రి పదైనా పోని వెలుతురు, ఆర్థర్స్ సీట్ కొండ ఎక్కి చూస్తే ఒకపక్క కోట, ఇంకోపక్క సముద్రం... ఈ ఊరంటే మాకు ప్రాణం. అద్దె ఇళ్లు ఇక చాలు, ఇక్కడే సొంతిల్లు కొనుక్కుందాం అనుకున్నాం. సొలిసిటర్ (ఇళ్ల కొనుగోలు పనులు చూసే లాయర్) ఆఫీసు పేరు రాయను గానీ పని ఎలా చేశారో రాస్తాను, ఎందుకంటే సొలిసిటర్ అంటే చివర్లో సంతకాలు పెట్టించుకునేవాళ్లని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. స్కాట్లండ్‌లో ఆఫర్ పంపేదే వాళ్లు.

మొదటి ఫోన్‌లోనే మా సొలిసిటర్ ఆవిడ అడిగింది, మీ ఇద్దరిలో ఎవరి పేరు మీదైనా, ఏ దేశంలోనైనా ఇల్లుందా అని. మియాపూర్‌లో నా పేరు మీద అద్దెకిచ్చిన ఫ్లాట్ ఉంది. అంతకుముందు మాట్లాడిన లోన్ బ్రోకర్ ఈ సంగతే ఎత్తలేదు! 40,000 పౌండ్లు, ఆపైన విలువున్న ఇల్లు ఎక్కడున్నా సరే, ఇక్కడ కొనేది రెండో ఇల్లు కింద లెక్కేసి మొత్తం ధర మీద 8 శాతం అదనపు పన్ను వేస్తారట. మా బడ్జెట్‌కి అది 20,000 పౌండ్ల పైమాటే. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. నాన్నగారితో మాట్లాడి మియాపూర్ ఫ్లాట్ అమ్మేదాకా, అంటే ఐదు నెలలు, ఆగాం.

తర్వాత నాకు బాగా నచ్చిన ఒక పాత రాతి బిల్డింగ్‌లో ఫ్లాట్ వద్దని ఆపింది కూడా ఆవిడే. అమ్మేవాళ్లిచ్చే హోమ్ రిపోర్ట్‌లో పైకప్పుకి కేటగిరీ 3, అంటే వెంటనే రిపేరు చేయించాలి, ఆ ఖర్చులో మన వాటా మనం కట్టాలి. పైగా రిపోర్ట్‌లో వేసిన విలువ మీదే బ్యాంకు లోన్ ఇస్తుంది, దానికి మించి ఎంత పాడినా చేతి డబ్బే. నేనైతే 20,000 ఎక్కువ పెట్టేసేదాన్ని.

లీత్‌లో దొరికింది 'ఆఫర్స్ ఓవర్ 2,40,000' (అంటే అంతకుపైన ఆఫర్లు వేయమని), రిపోర్ట్ విలువ 2,50,000. ఎవరెంత వేశారో ఎవరికీ తెలియని పాట అది. 2,65,000కి మాకొచ్చింది, పై 15,000 మా సేవింగ్స్.

ఒక్క విషయంలో మాత్రం బాగా బాధపడ్డాను. రెండు వైపుల సొలిసిటర్లు రాసుకునే ఉత్తరాలు, మిసివ్స్ అంటారు, అవి ముగిసేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. సరిగ్గా అప్పుడే పన్నెండు రోజులు మా మెయిల్స్‌కి జవాబు లేదు. ఎంత టెన్షన్ పడ్డామో. ఒక్క లైన్ రాసినా సరిపోయేది.

అయినా మళ్లీ కొంటే వీళ్ల దగ్గరికే వెళ్తాను. ఇండియాలో ఇల్లున్నవాళ్లు, అందులో వాటా మాత్రమే ఉన్నా, భర్త పేరు మీదో భార్య పేరు మీదో ఉన్నా, ఇళ్లు చూడ్డం మొదలుపెట్టకముందే సొలిసిటర్‌కి చెప్పేయండి.