మత్తు డాక్టర్ చదువులో 5 ఏళ్లుగా వాడుతున్న ఉచిత పాఠాలు

ఎండీ అనస్థీషియాలో చేరిన మొదటి వారంలోనే ఒక సీనియర్ అక్క నా ఫోన్‌లో ‘అనస్థీషియా ట్యుటోరియల్ ఆఫ్ ది వీక్’ తెరిచి, "రేపటి కేసు ఏదో చూసుకో, దాని పాఠం ఈ రాత్రే చదువు" అంది. ప్రపంచ దేశాల మత్తు డాక్టర్ల సంఘాలు కలిసి ఏర్పడిన డబ్ల్యూఎఫ్‌ఎస్‌ఏ ఈ పాఠాలను ఉచితంగా ఇస్తుంది. 3 ఏళ్ల పీజీ, ఆ తర్వాత సీనియర్ రెసిడెన్సీ, ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉద్యోగం. మొత్తం 5 ఏళ్లు దాటింది, ఇంకా వాడుతూనే ఉన్నాను.

ఒక్కో పాఠం కొన్ని పేజీలే. ముందు ప్రశ్నలుంటాయి, చివర్లో జవాబులు. చాలామంది ప్రశ్నలు దాటేసి నేరుగా పాఠంలోకి వెళ్తారు. నేను ముందు కాగితం మీద జవాబులు రాసుకుని తర్వాతే చదువుతాను. తప్పు రాసింది మళ్లీ మర్చిపోను. పీడీఎఫ్ దించుకుంటే సిగ్నల్ లేకపోయినా చదవొచ్చు. ఆమదాలవలస స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని చదివినవే చాలా ఉన్నాయి.

వీటి విలువ నాకు బాగా తెలిసింది ఉద్దానం పేషెంట్ల దగ్గర. పీజీలో భాగంగా జిల్లా ఆసుపత్రిలో పనిచేసే జిల్లా రెసిడెన్సీ 3 నెలలూ కవిటి, సోంపేట, మందస వైపు నుంచి కిడ్నీలు పాడైనవాళ్లు డయాలసిస్ కోసం ఫిస్టులా వేయించుకోవడానికి వచ్చేవాళ్లు. చేతిలో ధమనిని సిరతో కలిపే చిన్న ఆపరేషన్. మత్తు ఇచ్చేవాళ్లకి మాత్రం అది చిన్న కేసు కాదు. ఒంట్లో రక్తం తక్కువ, బీపీ ఎక్కువ, పొటాషియం ఎంతుందో రిపోర్టు వచ్చేదాకా తెలియదు. గొంతులో ట్యూబు వేసే ముందు కండరాలు వదులు కావడానికి ఇచ్చే సక్సామిథోనియం మామూలు మనిషిలోనే పొటాషియాన్ని లీటరుకి 0.5 మిల్లీమోల్ దాకా పెంచుతుంది. ముందే ఎక్కువున్నవాళ్లకి అది గుండె మీదికే వస్తుంది. అందుకని పూర్తి మత్తు జోలికి వెళ్లకుండా, కాలర్ ఎముక పైన ఉండే నరాల దగ్గర అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మందు ఇచ్చి ఆ చెయ్యి ఒక్కదాన్నే తిమ్మిరెక్కిస్తాం. దీన్నే బ్లాక్ అంటాం. సిరలు కూడా ఉబ్బుతాయి, సర్జన్‌కి పని సులువవుతుంది.

జీడితోటలో పనిచేసే ఒకాయన వచ్చారు, బరువు 45 కిలోలు. బ్లాక్ అంటే 20 మిల్లీలీటర్లు అన్న అలవాటుతో సిరంజి నింపేశాను. ముందు రాత్రి చదివిన మోతాదుల పాఠం గుర్తొచ్చి ఆగి లెక్క వేశాను. తిమ్మిరెక్కించే ఆ మందు బుపివకైన్. దానికి మేం పాటించే హద్దు కిలోకి 2 మిల్లీగ్రాములు, అంటే ఆయనకి 90. 0.5 శాతం మందులో మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాములు ఉంటాయి. 18 మిల్లీలీటర్లకే హద్దు వచ్చేసింది. నా సిరంజిలో 2 ఎక్కువున్నాయి. అంత బక్కపలచని మనిషికి హద్దు దాకా వెళ్లడం కూడా ఎందుకని 15తో ఆపాను, బ్లాక్ బాగానే పట్టింది. ఆ మందు రక్తంలోకి ఎక్కి ఫిట్స్ వచ్చినా, గుండె కొట్టుకోవడం దెబ్బతిన్నా దానికి విరుగుడుగా 20 శాతం లిపిడ్‌ని (సిరలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం) కిలోకి 1.5 మిల్లీలీటర్ల చొప్పున వెంటనే ఇవ్వాలి. అక్కడి థియేటర్‌లో ఆ సీసా లేదు. రాసి పెట్టి, రెండుసార్లు అడిగి తెప్పించుకున్నాం. ఇప్పుడు ఎక్కడ చేరినా మొదటి రోజే లిపిడ్ ఎక్కడుందో, దాని గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుంటాను.

కండరాలని వదులు చేసిన మందుకి విరుగుడైన సుగమాడెక్స్ లాంటి ఖరీదైన మందుల పాఠాలు నాకు పరీక్షకి తప్ప పెద్దగా పనికి రాలేదు. గొంతులో ట్యూబు దిగనప్పుడు ఏం చేయాలన్నదానికి అఖిల భారత డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో ఇచ్చిన చార్టే నాకు ఎక్కువ సాయపడింది. 3 ప్రయత్నాలు మించకూడదు, అదీ ఆక్సిజన్ 95 శాతం పైన ఉంటేనే. ముక్కు దగ్గరి ఆక్సిజన్ గొట్టం తీయకూడదు. రెండో ఏడాదిలో ఒక రాత్రి రెండుసార్లు ప్రయత్నించినా ట్యూబు దిగలేదు, రక్తంలో ఆక్సిజన్ శాతం 92కి వచ్చింది. నేను "ఇంకొక్కసారి చూస్తాను సార్" అంటుంటే, మా సీనియర్ గోడ మీది చార్టు చూపించి ఆపారు. శ్వాసనాళంలోకి దించకుండా గొంతులోనే కూర్చోబెట్టే ఎల్‌ఎంఏ అనే గొట్టం వేశాం, ఆక్సిజన్ మళ్లీ ఎక్కింది. ఇదే విషయం పాఠాల్లోనూ చదివాను. ఆ టెన్షన్‌లో ఒక్క ముక్క గుర్తు రాలేదు. చార్టు ప్రింటు తీసి థియేటర్‌లో అతికించమని ప్రతి జూనియర్‌కీ చెబుతున్నది అందుకే.

పీజీ పూర్తి కావాలంటే థీసిస్, జిల్లా రెసిడెన్సీ, లాగ్‌బుక్ తప్పనిసరి. చేసిన కేసులన్నీ రాసుకునే లాగ్‌బుక్‌ని చాలామంది సంతకాల ముందు రోజు రాత్రి కూర్చుని నింపేస్తారు. మొదటి ఆరు నెలలు నేనూ అలాగే చేశాను, ఆ ఆరు నెలల కేసులు ఇప్పుడు ఏవీ గుర్తు లేవు. ఆ తర్వాత ఏ రోజు కేసు ఆ రోజే రాసి, పక్కన ఏ పాఠం చదివానో, ఎక్కడ తడబడ్డానో రెండు లైన్లు చేర్చడం మొదలుపెట్టాను. ఆ ఫిస్టులా కేసు పక్కన "హద్దు 18, తీసింది 20" అని ఉంటుంది.

ఈ పాఠాలతో తీరని లోటు ఒకటుంది. నరసన్నపేట నుంచి సిజేరియన్‌కి వచ్చిన ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "నడ్డికి సూదేస్తే బతుకంతా నడ్డి నొప్పేనట కదమ్మా?" అని అడిగింది. సూది పడిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు గానీ, ఏళ్ల తరబడి ఉండే నొప్పికి ఆ సూది కారణం కాదు. నాకు తెలిసిన విషయమే, అయినా ఇంగ్లీషులో చదివినదాన్ని ఆవిడకి అర్థమయ్యేలా చెప్పలేక తడుముకున్నాను. చివరికి పక్కనున్న స్టాఫ్ నర్సే నచ్చజెప్పారు. ఆ నెలలోనే ఆ నర్సు, నేను, ఇంకో జూనియర్ కూర్చుని నడ్డికి ఇచ్చే ఆ మత్తు సూది (స్పైనల్) గురించి ఒక పేజీ తెలుగులో రాసి వార్డు గోడకి పెట్టాం. మొదటి లైను ఆవిడ అడిగిన ప్రశ్నే, ఆవిడ మాటల్లోనే.